పాలచుక్క కిరీటం: షట్టర్ 1/8000 పెట్టినా అంచులు ఎందుకు అలుక్కుపోతున్నాయి?

గుంటూరు_క్లిక్కు
పెళ్లిళ్ల ముహూర్తాలు అయిపోయి ఖాళీగా ఉన్న సమయంలో మా ఊళ్లోని ఒక చిన్న డెయిరీవారు వచ్చి, బాదంపాల సీసాకు కొత్త లేబుల్ వేయిస్తున్నామనీ, పాలచుక్క పడి కిరీటంలా లేచే క్షణం దానిమీద ఫొటోగా కావాలనీ అడిగారు. ఎన్ని తలంబ్రాలను గాల్లో ఆపలేదు, ఇదేమంత గొప్ప అనుకుని ఒప్పుకున్నాను. నాలుగు రాత్రులు గడిచాయి, చూపించదగ్గ ఫొటో ఒక్కటీ రాలేదు.
నా దగ్గర 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 100 ఎంఎం మాక్రో లెన్సు, ఒక స్పీడ్‌లైట్ (కెమెరా నెత్తిన బిగించే చిన్న ఫ్లాష్) ఉన్నాయి. పళ్లెంలో పాలు పోసి, 45 సెంటీమీటర్ల ఎత్తు నుంచి సిరంజితో చుక్క వదులుతున్నాను. షట్టర్ 1/200 (సెకనులో 200వ వంతు) వద్ద ఫ్లాష్‌ను పూర్తి శక్తితో వెలిగిస్తే చుక్కకు బదులు తెల్లటి తోక పడుతోంది. అంత వేగమైన షట్టర్‌తోనూ ఫ్లాష్ పనిచేసేలా హై స్పీడ్ సింక్ పెట్టి 1/8000కి వెళితే వెలుగు చాలక ఐఎస్ఓ, అంటే సెన్సర్ సున్నితత్వం, 6400 దాకా పెంచవలసి వస్తోంది, గింజలు గింజలుగా కనిపిస్తోంది, పైగా అంచులు అప్పటికీ మసకగానే ఉన్నాయి. ఇంతకంటే వేగమైన షట్టర్ ఉన్న కెమెరాను అద్దెకు తెచ్చుకోవాలా?

చీకటిగది
కెమెరాను అద్దెకు తేవద్దు, ఉన్నది చాలు. ఈ పనిలో కదలికను ఆపేది షట్టర్ కాదు, ఫ్లాష్ వెలిగి ఆరిపోయే వ్యవధి. మీ స్పీడ్‌లైట్ పూర్తి శక్తితో వెలిగినప్పుడు ఆ వెలుగు దాదాపు సెకనులో 250వ వంతో 300వ వంతో సాగుతుంది, మీరు చూసిన తోక అదే. అదే ఫ్లాష్ శక్తిని 128వ వంతుకు (1/128) తగ్గిస్తే సెకనులో 20,000వ వంతు ప్రాంతంలో ఆరిపోతుంది. స్పీడ్‌లైట్ శక్తి తగ్గించినప్పుడు దీపం వత్తి తగ్గించినట్టు సన్నబడదు. వెలుగును మధ్యలో పుటుక్కున తుంచేస్తుంది.
గదిని పూర్తిగా చీకటి చేయండి. షట్టర్‌ను రెండు సెకన్లు తెరిచి ఉంచండి. ఆ రెండు సెకన్లలో చుక్క పడనివ్వండి, సరైన క్షణంలో ఫ్లాష్ ఒక్కసారి వెలగనివ్వండి. ముందుగా ఫ్లాష్ ఆపేసి అదే అమరికతో ఒక ఫొటో తీయండి. అది నల్లగా రాకపోతే గదిలో ఎక్కడో వెలుగు ఉన్నట్టే. మా ఇంట్లో ఒకసారి వైఫై పెట్టె మీది పచ్చ దీపం దొంగ అని తేలింది.

కొత్త_లెన్సు
రెండు సెకన్ల షట్టర్‌తో పడుతున్న చుక్కను ఆపమంటారా? నేను దీనితో ఏకీభవించలేను. 200 వాట్ల ఎల్ఈడీ దీపాన్ని దగ్గరగా పెట్టి 1/8000లో తీస్తే చీకటిగదుల పని ఉండదు, తీస్తున్నది కంటికి కనిపిస్తుంది కూడా.

భౌతిక_మాస్టారు
లెక్క వేసి చూద్దాం. 45 సెంటీమీటర్ల నుంచి పడిన చుక్క పాలను తాకేసరికి దాని వేగం సెకనుకు సుమారు 3 మీటర్లు. సెకనులో 8000వ వంతులో అది 0.37 మిల్లీమీటర్ల దూరం పోతుంది. మీ ఫ్రేము 12 సెంటీమీటర్ల వెడల్పు చూస్తోందనుకుంటే, 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఒక మిల్లీమీటరుకు సుమారు 50 పిక్సెళ్లు. అంటే అంచు దాదాపు 18 పిక్సెళ్ల మేర అలుక్కుపోతుంది. కంటికి తెలియకుండా ఎలా ఉంటుంది? 20,000వ వంతులో అదే ఏడు పిక్సెళ్లకు దిగుతుంది. కిరీటం గోడ లేచే వేగం సాధారణంగా పడే చుక్క వేగం కంటే తక్కువ కాబట్టి అసలు చిత్రంలో ఇంకా నయంగా ఉంటుంది.
కొత్త_లెన్సు గారు మరొక సంగతి మరిచిపోతున్నారు. 1/8000 వద్ద సెన్సర్ మొత్తం ఒకేసారి తెరుచుకోదు. షట్టర్‌లోని రెండు తెరల మధ్య మిల్లీమీటరు కూడా లేని సన్నని సందు ఒక కొస నుంచి ఇంకో కొసకు పాకుతుంది, ఆ ప్రయాణానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. నాలుగు మిల్లీసెకన్లనుకున్నా ఆలోగా మన చుక్క 12 మిల్లీమీటర్లు దిగిపోతుంది. చిత్రంలో పైభాగం ఒక క్షణానిది, కింది భాగం మరో క్షణానిది అవుతుంది. గుండ్రటి చుక్క చప్పిడిగానో సాగినట్టుగానో వచ్చేది అందుకే.

కొత్త_లెన్సు
ఆ సందు సంగతి నాకు తట్టలేదు. ఎల్ఈడీని తిరిగి అల్మారాలో పెట్టేస్తున్నాను. అయినా రెండు సెకన్ల మాట వింటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటోంది.

గుంటూరు_క్లిక్కు
చీకటిగది గారు చెప్పినట్టే కిటికీలకు దుప్పట్లు కట్టి తీశాను. వంద సార్లు తీస్తే ఒకే ఒక్కసారి చుక్క ఫ్రేములో సరిగ్గా పడింది, కాని ఆ ఒక్కదానిలో చుక్క అంచు గోటితో గీసినంత స్పష్టంగా ఉంది. కింద పాలలో చుక్క నీడ కూడా వేరుగా తెలుస్తోంది. ఇబ్బంది ఏమిటంటే 1/128 వద్ద వెలుగు బొత్తిగా చాలడం లేదు. లోతుగా స్పష్టత రావాలని లెన్సు రంధ్రాన్ని ఎఫ్/11కి చిన్నది చేస్తే ఐఎస్ఓ మళ్లీ 3200 దాకా పోతోంది.

వెలుగు_పెట్టె
వెలుగు చాలకపోతే ఫ్లాష్ శక్తిని పెంచకండి, ఫ్లాష్‌ల సంఖ్యను పెంచండి. 1/16లో ఉన్న ఒక ఫ్లాష్ ఇచ్చే వెలుగునే 1/64లో ఉన్న నాలుగు ఇస్తాయి. కాని ఆ నాలుగూ ఒక్కదానికంటే చాలా త్వరగా ఆరిపోతాయి. పెళ్లి ఫొటోగ్రాఫర్లందరి దగ్గరా పాత స్పీడ్‌లైట్లు ఉంటాయి, ఇద్దరు మిత్రులను అడిగితే సరిపోతుంది. రెండవ సంగతి దూరం. ఫ్లాష్‌ను 60 సెంటీమీటర్ల నుంచి 30కి జరిపితే వెలుగు నాలుగింతలవుతుంది. మధ్యలో ఒక చెక్క చట్రానికి బటర్ పేపర్ బిగించి పెట్టండి, పాలకు ఆ మెత్తని వెలుగే అందం. ముందువైపు నుంచి నేరుగా కొడితే తెల్లని పాలు సుద్దముద్దలా కనిపిస్తాయి. వెనుక నుంచీ ఒక పక్క నుంచీ ఇస్తే కిరీటం గోడ పలుచగా ఉన్నచోట వెలుగు లోపలి నుంచి తొంగి చూస్తుంది.

గుంటూరు_క్లిక్కు
స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫొటోల కోసం పెట్టుకున్న 400 వాట్-సెకన్ల పాత స్ట్రోబ్‌లు (స్టూడియో ఫ్లాష్‌లు) రెండు ఉన్నాయి. అవి వాడితే వెలుగుకు కొదవ ఉండదు కదా?

వెలుగు_పెట్టె
ఆ తప్పు నేను చేశాను కాబట్టి చెబుతున్నాను, వాడవద్దు. పాత తరహా స్టూడియో లైట్లలో శక్తిని తగ్గించడానికి కెపాసిటర్‌లోని ఓల్టేజీని తగ్గిస్తారు. వెలుగు మధ్యలో తెగదు, చివరిదాకా నెమ్మదిగా కాలుతుంది. అందువల్ల శక్తి తగ్గించిన కొద్దీ వ్యవధి తగ్గకపోగా తరచుగా పెరుగుతుంది. ఐజీబీటీ అనే ఎలక్ట్రానిక్ మీట ఉన్న కొత్త లైట్లు వేరు, అవి స్పీడ్‌లైట్ లాగే తుంచుతాయి. అలాంటి లైటైన గోడాక్స్ ఏడీ200 వివరాలలో వ్యవధి 1/220 నుంచి 1/13,000 వరకని రాసి ఉంటుంది, ఆ 1/13,000 వచ్చేది తక్కువ శక్తిలోనే.
కొనేటప్పుడు ఇంకో మెలిక గమనించండి. టీ0.5 అని రాసిన అంకె వెలుగు సగానికి పడేదాకా మాత్రమే కొలుస్తుంది, టీ0.1 పదోవంతుకు పడేదాకా కొలుస్తుంది. మధ్యలో తుంచకుండా దానంతట అది ఆరే లైటులో టీ0.1 విలువ టీ0.5కి సుమారు మూడింతలు ఉంటుంది. ప్రకటనల్లో ఏది రాస్తారో మీకు తెలియనిది కాదు. మిగిలిన ఆ వెలుగు తోకే మన చుక్కకు తోక అవుతుంది.

మెల్‌బోర్న్_మాధవి
వెలుగు_పెట్టె గారి మాటకు ఒక చిన్న చేర్పు. ఇలా తుంచే ఫ్లాష్‌లు తక్కువ శక్తిలో కాస్త నీలంవైపు మొగ్గుతాయి. నీటిలో అయితే ఎవరూ గమనించరు గాని పాలు వెంటనే పట్టించేస్తాయి. వేర్వేరు కంపెనీల ఫ్లాష్‌లను కలిపి వాడితే కిరీటానికి ఒక పక్క వెన్న రంగు, ఇంకో పక్క సున్నం రంగు వస్తుంది. ఒకే మోడల్‌వి అన్నీ ఒకే శక్తిలో పెట్టి, మొదట గ్రే కార్డు (రంగులు సరిచూసే బూడిదరంగు అట్ట) ఫొటో తీసి, వైట్ బ్యాలెన్స్ దానితోనే సరిచేయండి.

గుంటూరు_క్లిక్కు
మిత్రుల నుంచి తెచ్చిన వాటితో కలిపి నాలుగు ఫ్లాష్‌లు, అన్నీ 1/64, ఎఫ్/16, ఐఎస్ఓ 400. వెలుగు సమస్య తీరిపోయింది, అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు సమయం సమస్య మిగిలింది. సిరంజి వదిలి సెలైన్ సెట్టు కట్టాను, చక్రం తిప్పి చుక్కల వేగం సర్దుతున్నాను. రాత్రి 300 ఫొటోలు తీస్తే నాలుగింటిలో కిరీటం ఉంది. మిగతావన్నీ చుక్క ఇంకా గాల్లో ఉన్నప్పుడో, అంతా సద్దుమణిగి అలలు మాత్రమే మిగిలినప్పుడో తీసినవి.

బాపట్ల_బుల్లోడు
300కి నాలుగా? నిశ్చితార్థంలో కళ్లు మూసుకోని గ్రూప్ ఫొటో వచ్చే లెక్క కూడా ఇంచుమించు అంతే, దిగులుపడకండి.

కోఠి_సర్క్యూట్
సెలైన్ సెట్టుతో వచ్చే ఇబ్బంది ఏమిటంటే, పై సీసాలో పాలు తగ్గే కొద్దీ ఒత్తిడి తగ్గి చుక్కల మధ్య వ్యవధి మారిపోతుంది. మనిషి చేతికి ఈ పని సాధ్యం కాదు. 45 సెంటీమీటర్లు పడటానికి చుక్కకు సుమారు 303 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ తరువాత కిరీటం అందంగా ఉండేది మహా అయితే పది మిల్లీసెకన్ల పాటు. మీరు రెప్ప వేసేలోపల కిరీటం లేచి, కూలి, మధ్యలో పాల స్తంభం లేవడం మొదలవుతుంది.
12 ఓల్టుల చిన్న సోలినాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకునేది), ఒక ఆర్డుయినో బోర్డు (ప్రోగ్రాము రాసుకునే చిన్న బోర్డు), వాల్వుకు మీటగా ఒక మాస్‌ఫెట్, ఒక డయోడు, బోర్డుకూ ఫ్లాష్‌కూ మధ్య తీగ సంబంధం లేకుండా వెలుగుతో సంకేతం పంపే ఒక ఆప్టోకప్లర్ తెచ్చుకోండి. హైదరాబాదులో ఉన్నవారికైతే కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క పూటలో అన్నీ దొరుకుతాయి. బోర్డు మొదట షట్టర్ తెరుస్తుంది, తరువాత వాల్వును ఒక 40 మిల్లీసెకన్లు తెరిచి మూస్తుంది, అక్కడి నుంచి లెక్కపెట్టి ఫ్లాష్‌ను వెలిగిస్తుంది. ఫ్లాష్ ఆలస్యాన్ని మిల్లీసెకను చొప్పున పెంచుకుంటూ పోతే కిరీటం పుట్టి పెరిగి పడిపోవడం వరుసగా చూస్తారు. కెమెరా షట్టర్ నొక్కిన తరువాత తెరుచుకోవడానికి పట్టే సమయం ప్రతిసారీ కాస్త తేడాగా ఉంటుంది కాబట్టే దాన్ని ముందే తెరిచి, క్షణాన్ని ఫ్లాష్‌కు అప్పగిస్తాం. చీకటిగది గారు మొదటి రోజే చెప్పిన రెండు సెకన్ల రహస్యంలో సగం ఇదే.
వాల్వు తీగచుట్టకు అడ్డంగా డయోడు పెట్టడం మరవకండి. మూసుకునేటప్పుడు అది వెనక్కి తన్నే ఓల్టేజీకి నా మొదటి బోర్డు పొగ కూడా రాకుండా చనిపోయింది. ఆప్టోకప్లర్ ఎందుకంటే, కొన్ని పాత ఫ్లాష్‌ల ట్రిగ్గర్ కొనల మధ్య 200 ఓల్టులకు పైగా ఉంటుంది.

గుంటూరు_క్లిక్కు
నాకు టంకం పెట్టడం రాదు. ఇంకో దారి లేదా?

కోఠి_సర్క్యూట్
తయారుగా ఉన్న డ్రిప్ కంట్రోలర్లు అమ్ముతారు గాని ధర ఎక్కువ. మీ వీధిలో మిక్సీలు బాగుచేసే ఆయనకు సర్క్యూట్ బొమ్మ చూపించండి, గంట పని. పై సీసా సంగతికి మాత్రం డబ్బు అక్కరలేదు. సీసాకు గాలి చొరబడని మూత బిగించి, మూతలోంచి సన్న గొట్టాన్ని అడుగుదాకా దించండి. గాలి ఆ గొట్టం ద్వారానే లోపలికి రావాలి. పాల మట్టం గొట్టం కింది కొస కంటే పైన ఉన్నంతసేపూ వాల్వు మీద ఒత్తిడి మారదు. దీన్ని మారియట్ సీసా అంటారు.

చీకటిగది
ఒక జాగ్రత్త కూడా. నాలుగు ఫ్లాష్‌లకూ పాలిథిన్ సంచులు కట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్సు నేలమీద ఉంచకండి. తడిసిన ఫ్లాష్‌ను మాత్రం ఎవరూ ఇంట్లో విప్పి చూడకండి, లోపలి కెపాసిటర్ 300 ఓల్టులకు పైగా పట్టుకుని కూర్చుంటుంది.

గుంటూరు_క్లిక్కు
పది రోజుల తరువాత వస్తున్నాను. మిక్సీల ఆయన తయారుచేసి ఇచ్చారు, పని చేస్తోంది. వాల్వు తెరిచిన 355 మిల్లీసెకన్లకు ఫ్లాష్ వెలిగిస్తే ప్రతి పదింటిలో ఏడెనిమిది కిరీటాలు వస్తున్నాయి. చుక్క పడేచోట ఒక మేకును తలకిందులుగా నిలబెట్టి దానిమీద చేత్తో ఫోకస్ చేసి, మేకు తీసేస్తున్నాను. ఇంత దగ్గరలో ఎఫ్/16 పెట్టినా స్పష్టంగా ఉండేది ఒకటిన్నర సెంటీమీటరు లోపే, అందుకని ఫోకస్‌ను కాస్త ముందుకు, కిరీటం కెమెరావైపు అంచు మీదికి జరిపాను.
కాని నా కిరీటం పొట్టిగా, లావుగా, పళ్లు లేని ముసలమ్మ నోరులా ఉంది. నేను చూసిన పాలచుక్క చిత్రాల్లో ముత్యాల్లాంటి పళ్లు వరుసగా ఉంటాయి. ఇంకో సంగతి, బాదంపాలలో చక్కెర ఉండటం వల్ల తెల్లవారేసరికి స్టూడియో నిండా చీమలు. బాదం పలుకు ఒకటి వాల్వులో ఇరుక్కుంది కూడా.

సుబ్బలక్ష్మి_ఫుడ్‌ఫొటో
అసలు బాదంపాలు ఎందుకు పోస్తున్నారండీ? పళ్లెంలో ఎంత లోతు ఉంది? ముందు అది చెప్పండి.

గుంటూరు_క్లిక్కు
నాలుగు సెంటీమీటర్లు ఉంటుందేమో. సరుకు అదే కదా అని బాదంపాలే పోశాను.

సుబ్బలక్ష్మి_ఫుడ్‌ఫొటో
లోతే మీ కిరీటాన్ని మింగుతోంది. లోతైన పాలలో చుక్క గుంట చేసుకుని దిగిపోతుంది. ఆ గుంట మూసుకున్నాక మధ్యలో స్తంభం లేస్తుంది. పొడవాటి స్తంభం కావాలనుకున్నవారికి ఆ లోతు మంచిదే. పళ్లున్న కిరీటానికి మాత్రం పలుచని పొర కావాలి. నున్నటి నల్ల గాజు పలక తీసుకుని, దాని మీద రెండు మూడు మిల్లీమీటర్ల మందాన పాలు పరచండి. ప్రతి చుక్కకూ ముందు ఆ పొర సర్దుకుందో లేదో చూడండి. నేను ఒక్కో ఫొటోకు అర నిమిషం ఆగుతాను, విసుగే గాని తప్పదు.
పాల విషయానికి వస్తే, పాలపొడిని నీటిలో కలిపి నైలాన్ గుడ్డలో రెండుసార్లు వడకట్టి వాడండి. చిక్కదనం మీ చేతిలో ఉంటుంది, చీమలు ఆ స్థాయిలో రావు, ఇంట్లో కాఫీకి పాలు లేవన్న తగువూ రాదు. బాదంపాల రంగుకు చిటికెడు కుంకుమపువ్వు రంగు చాలు. నీటితో తీసేవారైతే లీటరుకు గ్రాము, రెండు గ్రాముల జాంథాన్ గమ్ గాని గోరుచిక్కుడు గింజల గమ్ గాని రాత్రంతా నానబెట్టి వడకట్టుకోవాలి. ఉత్త నీరు తుంపరలుగా చెల్లాచెదురైపోతుంది, గమ్ కలిపితే పలుచని రేకు చిరగకుండా కాస్త ఎక్కువసేపు సాగుతుంది.

కొత్త_లెన్సు
సరుకు బాదంపాలైతే ఫొటోలో పాలపొడి నీళ్లా? ఇది కొనేవారిని మోసం చేయడం కాదా?

సుబ్బలక్ష్మి_ఫుడ్‌ఫొటో
గ్లాసులో పోసి చూపించే చోట నేను అసలు సరుకే వాడతాను, ఆ విషయంలో మీ మాటే నా మాట. ఇక్కడ లేబుల్ మీద ఉన్నది అలంకారం. ప్యాకెట్ మీద ఆవు బొమ్మ ఉంటే లోపల ఆవు ఉందని ఎవరూ అనుకోరు కదా.

బాపట్ల_బుల్లోడు
మా వీధి టీ కొట్టువాడి పాలు వాడితే నీళ్లు విడిగా కలిపే శ్రమ కూడా ఉండదు.

గుంటూరు_క్లిక్కు
సుబ్బలక్ష్మి గారూ, గాజు పలక ఉపాయం పారింది. పళ్లు వచ్చాయి, ఒక్కో పంటి కొన నుంచి చిన్న ముత్యం విడిపోతూ కనిపిస్తోంది. డెయిరీ యజమాని చూసి సంతోషించారు. కాని ఒకే మాట అంటున్నారు: ఎడమవైపు రెండు పళ్లు అతుక్కుపోయి వంకరగా ఉన్నాయి, అన్నీ సమానంగా ఉన్నది తీసుకురమ్మని. మళ్లీ 400 తీశాను. అన్నీ సమానంగా ఉన్నది ఒక్కటీ రాలేదు. పొర ఎగుడుదిగుడుగా ఉందేమోనని స్పిరిట్ లెవెల్ పెట్టి కూడా చూశాను.

భౌతిక_మాస్టారు
ఆయన అడుగుతున్నదాన్ని నూట ముప్పై ఏళ్లకు ముందే ఆర్థర్ వర్తింగ్టన్ కూడా కళ్లారా చూశాననే అనుకున్నాడు. ఇంగ్లండులో భౌతికశాస్త్రం బోధించిన ఆయన 1870ల నుంచి చీకటిగదిలో చుక్కలు జారవిడిచి, విద్యుత్ మెరుపు ఒక్కసారి వెలిగించి, ఆ క్షణంలో కంటికి నిలిచిన రూపాన్ని చేత్తో బొమ్మ గీసేవాడు. మన పద్ధతే, కెమెరా ఒక్కటే తక్కువ. ఆ బొమ్మల్లో కిరీటాలు అచ్చు పోసినట్టు అన్నివైపులా సమానంగా ఉండేవి. 1894లో మెరుపు వెలుగులోనే ఫొటోలు తీయగలిగాడు. చూస్తే ప్రతి కిరీటమూ ఎక్కడో ఒకచోట వంకరగానే ఉంది. ఇన్నేళ్లూ వంకరలను పొరపాట్లుగా పక్కకు నెట్టి, కన్ను సమానమైన రూపాన్నే ఏరుకుందని ఆయనే ఒప్పుకున్నాడు.
మీ డెయిరీ యజమాని తలలో ఉన్నది బహుశా అమెరికాలో ఎంఐటీకి చెందిన హెరాల్డ్ ఎడ్జర్టన్ 1957లో తీసిన రంగుల పాలచుక్క కిరీటం. ఎర్రటి నేపథ్యం మీద తెల్లని కిరీటం, చూసే ఉంటారు. స్ట్రోబ్ వెలుగును ఈ పనికి తీర్చిదిద్దిన ఆ మనిషి 1930ల నుంచీ పాలచుక్కలు తీస్తూనే వచ్చాడు. మీరు 400కే విసిగిపోతే ఎలా?

వెలుగు_పెట్టె
మాస్టారు చెప్పినది బాగుంది గాని లేబుల్‌కు గడువు ఉంటుంది. రెండు కిరీటాలు తీసి, ఒకదాని ఎడమ సగం, ఇంకొకదాని కుడి సగం అతికించండి. ట్రైపాడ్ కదలలేదు, వెలుగు మారలేదు, అతుకు ఎవరికీ కనపడదు. పెద్ద ప్రకటనల్లో చూసే చిందుల్లో చాలావరకు పది ఇరవై ఫొటోల ముక్కలను కలిపినవే.

మెల్‌బోర్న్_మాధవి
నేను ఒప్పుకోను. కుడి సగాన్ని తిప్పి ఎడమకు అతికిస్తే చూసేవారు కారణం చెప్పలేకపోయినా అది ప్లాస్టిక్ బొమ్మలా ఉందని పసిగడతారు. వెలుగు ఒక పక్క నుంచి వస్తున్నప్పుడు నీడలూ తిరగబడతాయి.

వెలుగు_పెట్టె
తిప్పమని నేను అనలేదు మాధవి గారూ, రెండు వేర్వేరు ఫొటోల ముక్కలను కలపమన్నాను. ఆ తేడా ఉంది. నీడల విషయంలో మాత్రం మీరన్నది నిజమే.

గుంటూరు_క్లిక్కు
రెండూ చేశాను. అతికించినది ఒకటి, అతుకు లేనివి రెండు, మూడూ సీసా సైజులో ప్రింటు వేసి లేబుల్ నమూనాల మీద పెట్టి తీసుకువెళ్లాను. యజమాని అతికించినదాన్నే మొదట చేతిలోకి తీసుకున్నారు. ఇంతలో లోపలి నుంచి వాళ్లమ్మగారు వచ్చి, కళ్లజోడు సర్దుకుని మూడూ చూసి, వంకర పళ్లున్నదాన్ని పట్టుకుని “ఇవిరా పాలంటే, అది బొమ్మ” అన్నారు. పైగా ఆ అతుక్కున్న రెండు పళ్ల మీదికే డెయిరీ పేరు వస్తోందని డిజైనర్ కుర్రాడు చూపించాడు. అది ఖాయమైంది. అడ్వాన్సు పోను మిగిలిన డబ్బు వచ్చే వారం ఇస్తామన్నారు.

కోఠి_సర్క్యూట్
శుభం. వాల్వు కడిగారా?

గుంటూరు_క్లిక్కు
లేదండీ, సంబరంలో మరిచిపోయాను. మూడు రోజులైంది. ఇప్పుడు నొక్కితే టిక్కుమంటోంది గాని తెరుచుకోవడం లేదు.

కోఠి_సర్క్యూట్
లోపల పాలు గట్టిపడి ఉంటాయి. కరెంటు తీసేసి వాల్వును మాత్రం గోరువెచ్చని సబ్బునీటిలో రెండు గంటలు నానబెట్టి, మీ పాత సిరంజితోనే నీరు ఎక్కించి చూడండి. తీగలున్న వైపు తడవనివ్వకండి.

గుంటూరు_క్లిక్కు
తెరుచుకుంది. లోపలి నుంచి ఒక బాదం పలుకు కూడా వచ్చింది.